పిల్లాడు పడుకోడు, మమ్మల్ని పడుకోనివ్వడు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పిల్లల నిద్ర గురించే. అందులో నరసన్నపేట నుంచి వచ్చినది కాస్త పెద్దది. కానీ మిగతా వాళ్ళ ప్రశ్నలు కూడా దాదాపు అందులోనే ఉన్నాయి కాబట్టి దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: డాక్టరమ్మా, బాబుకి ఎనిమిదో నెల. పురిటికి వెళ్ళి ఐదో నెల దాకా పలాసలో పుట్టింట్లోనే ఉన్నాను. అక్కడ మా అమ్మ దూలానికి చీర ఉయ్యాల కట్టి ఊపేది, వాడు కాస్త కదిలితే చాలు మంచం మీద నుంచే తాడు లాగేది. ఇక్కడ అత్తగారింట్లో హాల్లో కొక్కెం ఉంది, ఉయ్యాలైతే వేశాం కానీ రాత్రంతా ఊపేది నేనొక్కదాన్నే. పాలిస్తూ నిద్రపుచ్చి ఉయ్యాలలో వేస్తాను, గంటకో గంటన్నరకో లేచి ఏడుస్తాడు, మళ్ళీ పాలు, మళ్ళీ ఊపు, తెల్లారేసరికి ఆరేడు సార్లవుతుంది. నాది సచివాలయంలో ఉద్యోగం. సెలవు అయిపోయి రెండు నెలల క్రితం చేరాను, కంప్యూటర్ ముందు కునికిపాట్లు పడుతున్నాను. ఫోన్లో వీడియోలు చూస్తే వేరే గదిలో వేసి తలుపేసేయండి, మూడు రోజులు ఏడ్చి ఊరుకుంటాడు అంటున్నారు. ఆ మాట ఇంట్లో అంటే మా అత్తగారు "గుంటడు గుక్కపట్టి ఏడుస్తుంటే సూస్తూ కూకుంటావేటే" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మా ఆయన ఎటూ చెప్పరు. వాడంతట వాడు పడుకోవడం అనేది మన ఇళ్ళలో అయ్యే పనేనా?
- ఓ తల్లి, నరసన్నపేట

జవాబు: అయ్యే పనే తల్లీ. వేరే గది అక్కర్లేదు, తలుపెయ్యక్కర్లేదు, మీ అత్తగారితో గొడవ అసలే అక్కర్లేదు.

ముందు వాడెందుకు లేస్తున్నాడో చూద్దాం. పసిపిల్లల నిద్ర ఒకే బిగిన సాగదు. తేలిక నిద్ర, గాఢ నిద్ర మారుతూ సుమారు 50, 60 నిమిషాలకి ఒక చుట్టు పూర్తవుతుంది, చుట్టు చివర ప్రతి పిల్లాడూ కాస్త మేలుకుంటాడు. పెద్దవాళ్ళమూ మేలుకుంటాం, మనకది గంటన్నరకోసారి, దిండు సర్దుకుని అటు తిరిగి పడుకుంటాం, పొద్దున్నకి గుర్తు కూడా ఉండదు. మీ వాడి చిక్కేమిటంటే వాడు నిద్రలోకి జారుకున్నది మీ ఒళ్ళో, నోట్లో పాలతో. కళ్ళు తెరిచేసరికి ఒళ్ళు లేదు, పాలు లేవు, ఉయ్యాల ఆగిపోయి ఉంది. మీరు ఆమదాలవలసలో రైలెక్కి పై బెర్తు మీద పడుకుని, మెలకువ వచ్చేసరికి ఏదో స్టేషన్లో బెంచీ మీద ఉన్నారనుకోండి, కేకలు పెట్టరూ? వాడు చేస్తున్నదీ అదే. మొండితనం కాదు, మీరు చేసిన గారాబమూ కాదు.

కాబట్టి మనం మార్చాల్సింది రాత్రంతా కాదు, నిద్రపట్టే ముందు ఆఖరి పది నిమిషాలు. కళ్ళు మూతలు పడేటప్పుడు వాడికి చుట్టూ ఏది కనబడిందో, రాత్రి ఒంటిగంటకి కళ్ళు తెరిస్తే అదే కనబడాలి. ఇంతకు మించి రహస్యం లేదు. ఆ వీడియోల వాళ్ళు అమ్ముతున్నది కూడా ఈ ఒక్క విషయాన్నే, చుట్టూ బోలెడు హంగామా చేసి.

దాని కన్నా ముందు ఒంట్లో ఏ ఇబ్బందీ లేదని ఓసారి చూపించుకోండి. జ్వరం, చెవి పీక్కోవడం, తరచూ వాంతులు, బరువు పెరగకపోవడం, నిద్రలో గురక పెట్టడం లాంటివి ఉంటే ఈ అలవాట్ల పని పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. రక్తహీనత ఉన్న పిల్లలకీ నిద్ర కుదురుగా ఉండదు. ఆరో నెల దాటాక తల్లిపాలలోని ఐరన్ ఒక్కటే చాలదు. చోడి జావ మంచిదే, దాంతో సరిపెట్టకుండా పప్పు, గుడ్డు, ఆకుకూర మెత్తగా చేసి పెట్టండి. ఆరు నెలలు నిండిన పిల్లలకి వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు చొప్పున ఇచ్చే ఐరన్ సిరప్ ప్రభుత్వ పథకంలో ఉంది, మీ ఆశా కార్యకర్తని అడగండి. సచివాలయంలో ఉన్న మీకు ఏఎన్ఎం ఎవరో నేను చెప్పక్కర్లేదు.

ఇక మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనబడిన వాక్యం, డ్యూటీలో చేరి రెండు నెలలైందన్నది. తల్లి పగలు ఇంట్లో లేకపోతే కొందరు పిల్లలు పగలు పాలు సరిగా తాగరు, ఆ లోటంతా రాత్రి పూడ్చుకుంటారు. మీరు ఆఫీసుకి వెళ్ళాక సాయంత్రం దాకా వాడు ఎంత తాగుతున్నాడో, ఎంత తింటున్నాడో ఓ వారం మీ అత్తగారిని గమనించి చెప్పమనండి. తక్కువైతే పాలు పిండి పెట్టి వెళ్ళండి. గది వేడి మామూలుగా ఉంటే పిండిన పాలు బయట నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలవుంటాయి, కానీ మన ఎండాకాలంలో బయట పెట్టే ఆలోచనే వద్దు, పిండగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఇంటికి రాగానే వంటింట్లోకి వెళ్ళకుండా ఓ అరగంట వాడితో కూర్చుని పాలివ్వండి. కూర పావుగంట ఆలస్యమైతే ఎవరూ చచ్చిపోరు.

దీపాల వేళ పిల్లల్ని పడుకోబెట్టకూడదని మన పెద్దవాళ్ళు అంటారు కదా, కారణం వాళ్ళు ఏం చెప్పినా ఎనిమిది నెలల పిల్లాడి విషయంలో ఆ మాట నాకు భలే పనికొస్తుంది. సాయంత్రం ఆరింటికి ఓ కునుకు తీసిన పిల్లాడు రాత్రి ఎనిమిదింటికి ఎందుకు పడుకుంటాడు? ఈ వయసులో రోజు మొత్తం మీద పగటి కునుకులతో కలిపి 12 నుంచి 16 గంటలు నిద్ర కావాలి. పగలు రెండో మూడో కునుకులు, ఆఖరిది నాలుగు, నాలుగున్నరకల్లా అయిపోతే రాత్రి ఎనిమిదికి వాడే కళ్ళు నులుముకుంటాడు. కానీ మన ఇళ్ళలో ఎనిమిదికి టీవీలో సీరియల్ మొదలవుతుంది, ట్యూబ్‌లైటు ధగధగా వెలుగుతుంటుంది, మొగుడుగారు అప్పుడే వచ్చి పిల్లాడిని పైకి ఎగరేసి ఆడిస్తారు. పిల్లాడికి నిద్ర పట్టడం లేదంటే ఎలా పడుతుంది చెప్పండి.

చెయ్యాల్సింది ఇది. ఏడున్నరకి లైటు వేసి ఉండగానే, కూర్చుని, వాడు మెలకువగా ఉన్నప్పుడే పాలు ఇచ్చెయ్యండి, పాలు ముందు, నిద్ర తర్వాత, ఈ రెంటినీ విడదీయడమే సగం పని. ఆ తర్వాత ఒళ్ళు తుడిచి, పల్చటి నూలు చొక్కా మార్చి, పెద్ద లైటు తీసేసి, మీకొచ్చిన జోలపాట ఒకటి, రోజూ అదే పాట. అప్పుడు కళ్ళు బరువెక్కుతున్నా ఇంకా తెరిచి ఉండగానే మీ మంచం పక్కన వాడికోసం వేసిన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఏడుస్తాడు, ఏడవకుండా ఎలా ఉంటాడు, అలవాటు మారుతోంది కదా. పక్కనే కూర్చుని జోకొట్టండి, పాడండి. ఏడుపు పెరిగితే ఎత్తుకోండి, సర్దుకోగానే మళ్ళీ అక్కడే పడుకోబెట్టండి. ఒక రాత్రి ఇది ఇరవై సార్లు జరగొచ్చు. మూడు నాలుగు రోజులయ్యాక జోకొట్టడం తగ్గించి చెయ్యి ఊరికే వాడి పొట్ట మీద ఉంచండి, ఇంకో మూడు నాలుగు రోజులకి చెయ్యి తీసేసి పక్కన కూర్చోండి, ఆ తర్వాత కాస్త ఎడంగా. రెండు మూడు వారాలు పడుతుంది. రెండో రాత్రో మూడో రాత్రో మొదటిదానికంటే ఘోరంగా ఉంటుంది, అక్కడే అందరూ "మా వాడికి ఇది పడదు" అని మానేస్తారు.

ఈ మొదటి వారం జోకొట్టే పని మీ ఆయనకి ఇవ్వండి. వేళాకోళానికి అనడం లేదు. మీరు దగ్గరికి వెళితే వాడికి పాల వాసన తగులుతుంది, పాలే కావాలంటాడు. నాన్న దగ్గర ఆ ఆశ ఉండదు. ఎటూ చెప్పని మనిషికి ఏదో ఒక పని అప్పగిస్తే సరిపోతుంది.

నడిరేయి లేస్తే? కదలగానే ఎత్తేయకండి. తేలిక నిద్రలో పిల్లలు మూలుగుతారు, కాళ్ళు తన్నుకుంటారు, కళ్ళు మూసుకునే కాస్త ఏడుస్తారు కూడా, రెండు మూడు నిమిషాలు ఆగితే చాలాసార్లు మళ్ళీ పడుకుంటారు. పలాసలో అమ్మగారు కదలగానే తాడు లాగారు చూడండి, అందులో కొన్నిసార్లు వాడు అసలు లేవలేదు, ఆ ఊపుకే లేచి ఉంటాడు. పడుకున్న గంటకే లేస్తే ముందు జోకొట్టి చూడండి. నాలుగైదు గంటల తర్వాత లేస్తే పాలివ్వండి, చీకట్లో, మాటల్లేకుండా, ఇచ్చి పక్క మీద వేసేయండి. ఈ వయసులో రాత్రి ఒకటి రెండు సార్లు పాలు తాగడం మామూలే, పూర్తిగా మాన్పించమని నేను చెప్పను. రాత్రి ఉగ్గు గట్టిగా తినిపిస్తే లేవడని కొందరు కుక్కి కుక్కి పెడతారు, దానివల్ల నిద్ర పెరుగుతుందన్న భరోసా లేదు, అజీర్తి చేస్తే మాత్రం మీకే జాగారం.

ఉయ్యాల సంగతి. నాకు చీర ఉయ్యాల మీద కోపమేమీ లేదు, శ్రీకాకుళం జిల్లాలో అందరం అందులో పెరిగినవాళ్ళమే. కానీ అందులో ఒళ్ళు విల్లులా వంగి గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది, చిన్నపిల్లలకి అది ఊపిరికి మంచిది కాదు, పెద్దవాళ్ళు నిద్రపోయే రాత్రివేళ అసలే వద్దు. ఎనిమిది నెలల వాడు ఇవాళో రేపో అంచు పట్టుకుని లేచి నిలబడతాడు, నిలబడ్డాడంటే తలకిందులుగా పడతాడు. ముందు రాత్రి ఉయ్యాల మాన్పించండి. పగటి కునుక్కి మీ అత్తగారు పక్కనే కూర్చుని ఉంటే ఇంకో రెండు వారాలు వాడుకోండి, వాడు నిలబడేలా కనిపిస్తే మాత్రం ఆ రోజే విప్పేయండి.

పక్క ఎలా ఉండాలంటే, గట్టిగా, చదునుగా, మీద ఒక్క దుప్పటి బిగించి పరిచి, అంతే. దిండు వద్దు, బొంత వద్దు, పక్కన బొమ్మలు వద్దు, మంచానికీ గోడకీ మధ్య సందు ఉండకూడదు. దోమతెర కట్టండి, దోమల బత్తీ పొగ గదిలో పెట్టకండి. కనీసం ఆరు నెలల దాకా పిల్లాడు తల్లిదండ్రుల గదిలోనే, కానీ వేరే పక్క మీద పడుకోవాలని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమే చెబుతోంది, 2022లో కూడా అదే మాట చెప్పింది. కాబట్టి వేరే గది లేదని మీరు బెంగపడక్కర్లేదు. అందరూ కింద చాప వేసుకుని వరసగా పడుకునే ఇల్లయితే తాగి వచ్చినవాళ్ళనీ, చుట్టా బీడీ కాల్చేవాళ్ళనీ పిల్లాడి పక్కన పడుకోనివ్వకండి. ఇది మాత్రం మొహమాటపడే విషయం కాదు.

తలుపేసి ఏడవనివ్వడం గురించి అడిగారు. ఆస్ట్రేలియాలో ఏడెనిమిది నెలల వయసులో ఇలా నిద్ర నేర్పిన పిల్లల్ని ఆరేళ్ళ వయసులో మళ్ళీ చూసి, 2012లో ఫలితాలు ప్రకటించారు. నేర్పినవాళ్ళకీ నేర్పనివాళ్ళకీ ప్రవర్తనలో కానీ, మానసిక ఆరోగ్యంలో కానీ, తల్లిదండ్రులతో అనుబంధంలో కానీ తేడా కనబడలేదు. అంటే కాస్త ఏడ్చినంత మాత్రాన పిల్లాడు చెడిపోడు. నేర్పినంత మాత్రాన ఆరేళ్ళకి మహా మేధావీ అయిపోడు. అక్కడ కూడా తల్లులకి నేర్పింది కాస్త కాస్త ఆగి వెళ్ళి సముదాయించడం, లేదా పక్కన కూర్చుని మెల్లగా దూరం జరగడం, వదిలేసి పొమ్మని కాదు. ఇందులో రెండోదే మీకు చెప్పాను, ఎందుకంటే నలుగురున్న ఇంట్లో మొదటిది సాగదు, మూడో నిమిషానికి ఎవరో ఒకరు వెళ్ళి ఎత్తేసుకుంటారు.

పైగా ఎనిమిది, తొమ్మిది నెలల్లో అమ్మ కనబడకపోతే బెంగ మామూలుగానే ఎక్కువ. మీరిప్పుడే ఉద్యోగంలో చేరారు. ఇలాంటప్పుడు మీ అత్తగారు అన్నది పూర్తిగా తప్పని నేననను. గుక్కపట్టేదాకా వదలక్కర్లేదు, ఆ మాట ఆవిడకి నేను చెప్పానని చెప్పండి. జోలపాట ఆవిడనే పాడమనండి, పాట అయ్యాక పక్క మీద వేసి చెయ్యి వేసే పని మాత్రం మీది లేదా మీ ఆయనది. ఈ పేజీ ఆవిడ ముందు చదివి వినిపిస్తే ఇంకా మంచిది.

సంక్రాంతికి పలాస వెళతారు, అమ్మగారు మళ్ళీ ఉయ్యాల కడతారు, నాకు తెలుసు. కట్టనివ్వండి. రాత్రి మాత్రం పక్క మీదే అని ముందే చెప్పి వెళ్ళండి, అక్కడ కాస్త చెడినా తిరిగొచ్చాక నాలుగైదు రాత్రుల్లో దారిలో పడతాడు.

ఒక్క మాట మీ గురించి. నిద్ర లేక విసుగు రావడం వేరు. పిల్లాడు పడుకున్నా మీకు నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం లాంటివి రెండు వారాలు దాటి ఉంటే అది మందుతో, మాటతో తగ్గే జబ్బు. 14416 అనే టెలి మానస్ నంబరుకి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

ప్రశ్న: మేడమ్, మా పాపకి పది వారాలు. పగలంతా పడుకుని రాత్రంతా ఆడుతుంది. ఇప్పటినుంచే ఒంటరిగా పడుకోవడం నేర్పితే తొందరగా వస్తుందా? పాలు కక్కితే గొంతుకి అడ్డం పడుతుందని పక్కకి తిప్పి, గుడ్డలో బిగించి చుట్టి పడుకోబెడుతున్నాం.
- ఓ తండ్రి, విజయనగరం

జవాబు: ఇప్పుడేమీ నేర్పకండి బాబూ. పది వారాల పిల్లకి రాత్రి, పగలు అనే లెక్క ఇంకా పూర్తిగా ఒంటికి పట్టలేదు. ఇంకో నెలా రెండు నెలల్లో దానంతటదే వస్తుంది. మీరు చేయగలిగింది పగలు వెలుతురులో, ఇంటి సందడి మధ్యే ఉంచడం, రాత్రి పాలిచ్చేటప్పుడు లైటు వేసి కబుర్లు చెప్పకపోవడం. అడిగినప్పుడల్లా పాలు, అంతే.

పక్కకి తిప్పడం మాత్రం ఇవాళే మానెయ్యండి. పక్కకి పడుకున్న పిల్ల బోర్లా పడడానికి క్షణం పట్టదు. వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరి గొట్టం పైన, ఆహారపు గొట్టం కింద ఉంటాయి కాబట్టి కక్కిన పాలు ఊపిరి గొట్టంలోకి ఎక్కడం కష్టం. అమెరికాలో 1994లో పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టండని ప్రచారం మొదలుపెట్టాక, ఏ కారణమూ తెలియకుండా నిద్రలోనే పోయే పసిపిల్లల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. గుడ్డలో చుట్టొచ్చు, కానీ ఛాతీ, తుంటి దగ్గర వదులుగా, కాళ్ళు కప్పకాళ్ళలా మడుచుకునే వీలుండాలి. మన ఉక్కపోతలో పల్చటి నూలు గుడ్డ చాలు, మెడ వెనక చెమట తగిలితే అదీ తీసేయండి. బోర్లా పడే ప్రయత్నం మొదలుపెట్టిన రోజు నుంచి చుట్టడం పూర్తిగా బంద్.

ప్రశ్న: అమ్మా, నేను నాయనమ్మని. మనవరాలికి తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు కుట్టాను, కోడలు తీసి అవతల పెట్టేసింది. స్నానం అయ్యాక సాంబ్రాణి పొగ వేస్తే గుంట హాయిగా పడుకుంటుంది, దానికీ అడ్డం చెబుతోంది. మా నలుగురు పిల్లల్నీ ఇలాగే పెంచాను.
- బొబ్బిలి

జవాబు: పెద్దమ్మగారూ, నలుగురిని పెంచిన చేతులకి నేను వంకలు పెట్టను, కానీ ఈ రెండింట్లో మీ కోడలి వైపే ఉంటాను. ఏడాది లోపు పిల్లకి ఏ దిండూ వద్దు, ఆవాలదైనా దూదిదైనా. మొహం అందులోకి కూరుకుపోతే తీసుకునే శక్తి దానికి ఉండదు, కుట్టు విడిపోతే ఆవాలు ముక్కులోకో నోట్లోకో పోతాయి. తల ఒకవైపు చప్పిడిగా ఉంటే మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ళ ముందే రోజుకి నాలుగైదు సార్లు కాసేపు బోర్లా పడుకోబెట్టి ఆడించండి, పక్క మీద తల పెట్టే దిక్కు రోజూ మార్చండి. మెడ ఎప్పుడూ ఒకే వైపు వాల్చుతుంటే డాక్టరుకి చూపించండి. పొగ విషయానికొస్తే పిల్ల హాయిగా పడుకునేది వేడినీళ్ళ స్నానానికీ, మీరు కాళ్ళ మీద వేసుకుని చేసే నూనె మర్దనకీ, సాంబ్రాణికి కాదు. ఆ మర్దన మీ కోడలికి రాదు, అది మీరే చెయ్యాలి.

ప్రశ్న: బాబుకి ఏడాదిన్నర. రాత్రి పడుకోకపోతే జలుబు సిరప్ అరచెంచా పడుతున్నాం, బాగానే పడుకుంటున్నాడు. రోజూ ఇవ్వొచ్చా?
- రాజాం

జవాబు: ఒక్కరోజు కూడా ఇవ్వకూడదు. జలుబు మందుల్లో మామూలుగా ఉండే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ అనే రెండు మందులు కలిసినది నాలుగేళ్ళ లోపు పిల్లలకి వాడకూడదని సీసా మీదే రాయాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. మీ సీసా తీసి చదవండి. వాడు పడుకోవడం లేదు, మత్తులో ఉంటున్నాడు, అందులో ఊపిరి మందగించినా మీకు తెలియదు. ఇదివరకు నల్లమందు పెట్టేవాళ్ళని తిట్టుకుంటాం కదా, ఇదీ ఆ కోవలోదే. సిరప్ ఆపాక రెండు మూడు రాత్రులు గోల చేస్తాడు, పైన నరసన్నపేట అమ్మాయికి చెప్పినది మీరూ మొదలుపెట్టండి.

ప్రశ్న: పాపకి పద్నాలుగు నెలలు. ఫోన్లో పాటలు పెట్టి పక్కన పెడితేనే పడుకుంటుంది. తీసేస్తే ఏడుపు.
- చీపురుపల్లి

జవాబు: పాట ఉంచండి, బొమ్మ తీసేయండి. రెండేళ్ళ లోపు పిల్లలకి తెర వద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, నిద్ర ముందు మరీ వద్దు. ఫోన్ బోర్లా తిప్పి పెట్టి అదే పాట నాలుగు రోజులు, తర్వాత ఫోన్ పక్క గదిలో పెట్టి అదే పాట మీ గొంతుతో. శ్రుతి కలవకపోయినా పరవాలేదు, పద్నాలుగు నెలల పిల్ల మార్కులెయ్యదు. పాపని పడుకోబెట్టేటప్పుడు మీరు కూడా ఫోన్ చూసుకోవడం మానండి, ఆ వెలుగు గదిలో ఉన్నంతసేపూ అది అటే చూస్తుంది.